పెట్టెలో మిగిలిన పొడి

రాళ్ల పరిశోధనశాల సామాన్ల గదిలో అక్క ఒక చెక్కపెట్టె మూత తీసింది.

నేలలోంచి డ్రిల్లుతో తీసిన రాతి కడ్డీలు దాచే పెట్టె అది. పరిశోధనశాలలో పద్ధతి ఏమిటంటే, అందులోంచి చేతికర్రలా తిన్నగా, గట్టిగా ఉన్న ముక్కల్ని ఏరి, ప్రెస్సులో, అంటే నొక్కే యంత్రంలో, పెట్టి నలగ్గొడతారు. ఎంత బరువుకు పగిలితే అంత బలమని లెక్క. విరిగిన పెళ్లల్నీ పొడినీ ఎవరూ ముట్టుకోరు. ప్రెస్సులో నిలబడితేగా! అక్క కూడా అలాగే చేసింది. ఆ అంకెలతోనే కంప్యూటర్లో, ఏటి మీద కడుతున్న వంతెన స్తంభం పునాది గుంతకు మోడల్ కట్టి, గోడలు ఉక్కులా నిలుస్తాయని తేల్చేసింది.

పరిశోధనశాల చూడ్డానికి ఎవరో వస్తున్నారంటే, వాళ్లకి చూపించడానికి మంచి ముక్క ఒకటి పట్టుకెళ్దామని ఇప్పుడు వచ్చింది. మంచివన్నీ ప్రెస్సు మింగేసింది. మిగిలింది పచ్చటి పొడి. రెండు చుక్కల నీళ్లు వేసి వేళ్ల మధ్య నలిపింది. సబ్బులా జారింది. బండల నడుమ ఇలాంటి పొర గుంత వైపు వాలి ఉంటే, పైనున్న బండ మొత్తం జారుకుంటూ వచ్చేస్తుంది. మోడల్లో ఆ పొర లేనే లేదు.

ఆ గుంత అడుగున ఇప్పుడు పని చేయిస్తున్న మేస్త్రీ ఆమె సొంత తమ్ముడు. వెంటనే ఫోను చేసింది.

"ఏంటి రాళ్ల డాక్టరమ్మా, పట్టపగలే తమ్ముడు గుర్తొచ్చాడు?"

"ఒరేయ్, అందర్నీ తీసుకుని పైకొచ్చెయ్. ఇప్పుడే!"

"బాగుంది! ఈ గోడకి ఢోకా లేదంది నువ్వేగా? నీ మాట మీదే ఆసరా దూలాలు కూడా పెట్టకుండా దిగాం."



"తప్పు చెప్పానురా. గట్టి ముక్కల్నే చూశాను. గోడలో పచ్చటి చార ఏమైనా ఉందా?"

"ఉంది. పొద్దుట్నించీ చెమ్మ కారుతోంది. గోడకి జలుబు చేసిందని మావాళ్లు ఒకటే నవ్వులు."

"బొటనవేలు పెట్టి నొక్కు."

"నీకు పిచ్చి గానీ... సర్లే, నొక్కుతున్నా. రాయే కదా, నా వేలే విరు..."

మాట ఆగిపోయింది.

"దిగిపోయిందే అక్కా. వేలు మొత్తం."

మరుక్షణం అతని కేక చెవికి చిల్లు పొడిచింది. "అన్నీ వదిలెయ్యండి! ఎక్కండెక్కండి! ఆ గడ్డపారేమన్నా నీ పెళ్లామా, పారెయ్యవయ్యా!"

ఫోను ఆపకుండానే జేబులో పడేసినట్టున్నాడు. ఇనుప నిచ్చెన చప్పుళ్లు, రొప్పులు, తిట్లు. తమ్ముడు అందరికన్నా చివర్న గానీ ఎక్కడు, ఆమెకు తెలుసు. గులకరాళ్లు రాలిన చప్పుడైంది. తర్వాత, బరువైన బీరువాని ఎవరో నేల మీద ఈడ్చినట్టు ఒక గరగర. అంతే. ఇంకేమీ వినిపించలేదు.

"ఒరేయ్... పలకరా! నా బంగారం కదూ, పలకరా!"

చాలాసేపటికి దగ్గు వినిపించింది.

"ఉన్నా. అందరం పైనే. బూటొకటి కిందుండిపోయింది. నిచ్చెన లేదు. సగం గుంతే లేదక్కా."

అక్క చెక్కపెట్టె పక్కన కూర్చుంది.

"అవునూ," అన్నాడు తమ్ముడు, వేళాకోళమంతా చచ్చిపోయిన గొంతుతో, "అవతలి ఒడ్డు గుంతకీ నీ లెక్కేగా?"

"అక్కడి మేస్త్రీ నంబరు చెప్పు. తొందరగా."

అతను చెబుతున్నాడు. ఆమె పెట్టె మూత మీద సుద్దముక్కతో రాస్తోంది. అంకె అంకెకీ "మళ్లీ చెప్పరా, మళ్లీ చెప్పు" అంటోంది.