మూసిన గుడి ముంగిట

ఆషాఢమేఘములు సముద్రమును వీడి నేలకు దిగివచ్చి రంగూను పట్టణమును నిరంతరధారాపాతమున ముంచివేయుచుండెను. రేవునందలి యోడల స్తంభములును బౌద్ధాలయముల స్వర్ణశిఖరములును ధాన్యపుమిల్లుల పొగగొట్టములును ఏకధూసరవర్ణము దాల్చియుండ వీథులయందుఁ బంకిలజలము ప్రవహించుచు వరిపొట్టును కుళ్ళిన పండ్లను ఇండ్ల గడపలకుఁ దెచ్చి వేయుచుండెను. అట్టి ప్రాతఃకాలమున ఒంగోలు ప్రాంతమునుండి వచ్చిన తీతుబోధకుఁడు తెలుఁగు క్రైస్తవకూలీల రేకులగుడి మెట్లపై నిలిచి మూసిన తలుపులను వానికి వ్రేలాడు క్రొత్త తాళమును జూచుచుండెను.

ఆతఁడు వేసవిలో నోడ దిగినవాఁడు. మిల్లులయందును రేవునందును బస్తాలు మోయు తనవారికి దైవవాక్యము బోధింప వచ్చెనే కాని ఆ సంఘము దేవునికంటె నెక్కువగా అబ్నేరుమేస్త్రీకి భయపడునని యెఱుఁగఁడయ్యెను. పని యిచ్చువాఁడును మాన్పించువాఁడును గుడిపెద్దయు నా మేస్త్రీయే. జ్వరపీడితుఁడైన కూలీని బెత్తముతోఁ గొట్టిన చేతితోఁ బ్రభువుభోజనపు రొట్టె పంచుట తగదని తీతు వేదికనుండి పలికిన నాఁటినుండి యాతనితో మాటాడువారు లేరైరి. ఆతని నీళ్ళకుండ పగిలెను. వాకిట నెవరో చేఁపల ప్రేవులు పాఱవేసిరి. ఆతఁడును లోలోపల వారిని ద్వేషించెను. ఎడతెగని యా వానను, బజారునుండి కొట్టు పులియఁబెట్టిన చేఁపముద్దల వాసనను, అర్థము గాని భాషను, అన్నింటిని ద్వేషించెను.

మెట్లక్రింద వెదురుపాడెపై నున్నది లేవి యను కూలీ కళేబరము. ఆతఁడు చేఁపలమ్ము మాతిను అను బర్మాస్త్రీతోఁ గాపురము చేసి జ్వరముచేఁ గాలధర్మము నొందెను. పాడెచెంత నామె యొక్కతె నిలిచి తాను తడియుచు శవముమీఁద గొడుగు పట్టియుండెను.

తీతు గొంతెత్తి, "మేస్త్రీగారూ, తాళంచెవి ఇప్పించండి" అనెను.

ఎదుటి మిల్లుచూరు క్రింద కూలీల నడుమ నున్న అబ్నేరు నవ్వెను. "బర్మాదానితో కాపరమున్నోడికి మా గుళ్ళో ప్రార్థనేందయ్యా? నువ్వా పీనుగ మీద చెయ్యేస్తే నీకిక్కడ కూడు పుట్టదు, చూసుకో!"

తీతు మెట్లపైననే నిలిచి బదులు పలికెను: "పుట్టకపోతే పస్తుంటాను. లేవిని మాత్రం వానలో వదలను."

మూసిన తలుపునకు వీఁపునిచ్చి యాతఁడు కంఠస్థమైన వాక్యములను జదువుచుండఁగా మిల్లుచూరునుండి విసరఁబడిన బురదముద్ద యాతని తెల్లని యంగీపైఁ బడి జాఱెను. ప్రార్థన ముగిసినను పాడె నెత్తువారు లేరు. మేస్త్రీ కన్నెఱ్ఱఁజేసి చూచుచుండ నొక్క కూలీయును గదలఁడయ్యెను. అంతట మాతిను సోదరులు మువ్వురు వచ్చి భుజము లొడ్డిరి. మిగిలిన కొమ్మును తీతు మోసెను. ఏ బజారువారిని జూచి యిన్నాళ్ళు ముక్కు మూసికొనెనో వారి చెమట తన చెమటతోఁ గలియుట యెఱిఁగి యాతఁడు సిగ్గుపడెను.

ఆదివారమున తలుపులు తెఱచియుండెను. బల్లలన్నియు నిండియుండెను. తీతు వేదిక యెక్కినంతనే మేస్త్రీ లేచెను. ఆతనివెంట సంఘమంతయు లేచి వెలుపలికిఁ బోయి ప్రక్కకొట్టములోఁ గూడి బోధకుని కంఠము వినఁబడకుండునట్లు తప్పెటలతోఁ గీర్తన నెత్తుకొనెను.

శూన్యమైన గుడి గడపయొద్ద మాతిను చెప్పులు చేతఁబట్టి లోనికి రావచ్చునో రాఁగూడదో తెలియక నిలిచెను. తీతు వేదిక దిగి వచ్చి, శ్మశానమునుండి మరలునపు డామె సోదరులలో నొకనివలన నేర్చిన యొకేయొక మాటను తడఁబడు నాలుకతోఁ బలికెను.

"సా పీబీలా?"

భోజనమైనదా యని దాని యర్థము. ఆమె తల యడ్డముగా నూపి, భర్త మరణించిన పిమ్మట మొదటిసారిగా బిగ్గఱగా నేడ్చెను.

ప్రక్కకొట్టమున తప్పెటలు మఱింత కఠోరముగా మ్రోగెను. తన మాతృభాష నెఱిఁగినవారందఱు తన మాట వినకుండుటకై పాడుచుండ, ఒక్క మాటకంటె నెక్కువ యెఱుఁగని భాషలో నాతనికి ఆ దేశమున సంఘ మేర్పడెను.