గడికి తొలిమంట

"ఉడుకునీళ్లు నేను కాగబెట్టుకుంటే నువ్వు ముంచుకపోతవా?" అని నర్సింగమ్మ కోడలి మీదికి లేచింది.

"ఒక్క చెంబే గదా అత్తా, పిల్లకు పొయ్యాలె" అంది లీలమ్మ. "ఊరందరికీ హమాంలు చేసిచ్చే ఇంట్ల మనకు మాత్రం మసి కుండేనాయె!"

ఆ మాట నిజమే. మామ కాటమయ్య తండ్రి ఒక్క కొలిమి పెట్టుకుని కుంపట్లు చేసేవాడు. కాటమయ్య రాగిరేకుతో నీళ్లు కాగే హమాంలు చేయడం మొదలుపెట్టాడు. నడుమ బొగ్గుల గొట్టం, చుట్టూ నీళ్లు. చిట్యాల దాకా గిరాకీ పెరిగింది. కొలుములు మూడయ్యాయి, పనివాళ్లు పెరిగారు. కాని కొలుములున్న కొట్టం జాగా దొరది. అందుకే దొర ఉండే గడికి చేసే హమాంలన్నీ వెట్టి, కూలి లేదు.

అంతలో పనివాళ్లు తమతో కొలిమిలో పనిచేసే వెలివాడ భిక్షాన్ని మోసుకొచ్చారు. వీపంతా వాతలు. పొద్దున కొత్త హమాం దింపి రమ్మని కాటమయ్యే అతన్ని గడికి పంపాడు.

"ఏమైందిరా?" అన్నాడు కాటమయ్య.

"చేసినోళ్లే తొలిమంట పెట్టాలె గదయ్యా. ముందుగాల నీళ్లు నింపుదామని చెంబు పట్టిన. మా బాయినీళ్లు నువ్వు ముట్టుడేందని సేరిదారు గుంజుకున్నడు. నీళ్లు లేకుంట మంట పెడితే అతుకులు కరుగుతయన్న. ఇనలే. తానే బొగ్గులేసిండు. అతుకులూడినయి. తప్పు నాదట!"

గడిలో దొర పెత్తనం చూసే ఆ సేరిదారు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "గడిల పెండ్లికి రెండు కొత్త హమాంలు కావాలె. రేపు పొద్దుగాల కొలిమి రాజుకోకుంటే కొట్టం పీకిస్తడు దొర" అని పోయాడు.

అందరూ కొట్టంలో చేరారు. "చేసిద్దాం" అన్నాడు కాటమయ్య, ఎవరి మొహమూ చూడకుండా. "కొట్టం పోతే అందరం బజార్ల పడతం."

బొగ్గులు మోసే సాలమ్మ గంప కింద పడేసింది. "నీ కొట్టం మా వీపుల మీద పెరిగిందయ్యా! దొర నీతోని వెట్టి చేపిచ్చుకుంటడు, నువ్వు మాతోని. గడి పనికి ఎన్నడన్న కూలిచ్చినవా?"

"గడికి పోవుడు నీకు భయమైతే భిక్షాన్ని తోలినవ్" అన్నాడు తిత్తులూదే పెద్దులు. "దెబ్బలు గూడ వెట్టేనా?"



"కొట్టం దొరదైతే తీస్కోనీయి" అంది సాలమ్మ. "కొలిమంటే గుంటే గదా. ఏడన్న తవ్వుకుంటం. తిత్తులు మనయి, చేతులు మనయి. ఊరి కమ్మరోళ్లను గూడ అడుగుదాం, గడికి అతుకెయ్యొద్దని."

"ఏడ తవ్వుతవ్? ఊరంత దొర జాగనే" అన్నాడు కాటమయ్య.

భిక్షం బోర్లా పడుకునే అన్నాడు, "మా వాడ ఇనాం భూమి. దొరది గాదు."

ఆ వాడలో కాటమయ్య ఎన్నడూ మంచినీళ్లు తాగలేదు. పెద్దులు లేచి మొదటి తిత్తి విప్పాడు. తరవాత ఇంకొకరు. ముగ్గురు కలిసి ఇనుప దాగలి దిమ్మ ఎత్తారు.

మాపటికి నర్సింగమ్మ తన కుండలోని ఉడుకునీళ్లతో భిక్షం వీపు కడిగింది. పనివాళ్లందరికీ జొన్నరొట్టెలు పెట్టింది. కాని భిక్షానికి మాత్రం అలవాటుగా గడప బయట విస్తరి వేసింది. కాటమయ్య లేచి ఆ విస్తరి తెచ్చి తన పక్కన పరిచాడు. రొట్టె తుంచుతూ అన్నాడు:

"రేపటి సంది గడికి నిప్పు లేదు. కొలిమి భిక్షం వాడల తవ్వుతున్నం. గడి పనికి ఇయ్యని కూలి నేను కట్టిస్త. తొలి హమాం ఆ వాడ బాలింతలకే. నర్సీ, రేపు నీ బిందె తీస్కొని రా, ఆ హమాంల నీళ్లు నువ్వే నింపాలె."