భాను చేసిన స్టిక్కర్

మా ఊళ్లో సిగ్నల్ అందేది కొండవాలులో ఉన్న ఒక్క బండ మీదే. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల ఫోటోలు రోజూ యాప్‌లో ఎక్కించాలి. అవి ఓ పట్టాన ఎక్కవు. అందుకని సాయంత్రం ఫోన్ నా కూతురు భానుకిచ్చి బండ దగ్గరికి పంపేదాన్ని. పని అరగంటది, పిల్ల మాత్రం మూడు గంటల తర్వాత తిరిగొచ్చేది. పదో తరగతి పిల్లలంతా అక్కడే చేరతారని తెలుసు. నా వంట నాకు తెములుతుంది కదా అని ఊరుకున్నాను. దొంగ చేతికి తాళాలిచ్చాను.

శనివారం ఫోటోల కోసం వెతుకుతుంటే ఫోన్‌లో భాను క్లాసు పిల్ల చిన్నమ్మి కనిపించింది. నాట్ల రోజు మడిలో జారిపడి, ముఖం నిండా బురదతో లేస్తోంది. ఆ ఫోటోని వాట్సాప్ స్టిక్కర్ చేసి కింద రాశారు: "బురద పంది వచ్చింది, దారివ్వండి."

చిన్నమ్మి పది రోజులుగా బడికెందుకు వెళ్లడం లేదో అప్పుడర్థమైంది. ఆ పిల్ల ఇంట్లో అసలు ఫోనే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవులు సేసేరే ఇది?"

"నేనేనమ్మా. ఊరికే నవ్వులాటకి సేసేను. అందరూ పంపుకున్నారు."

రెండు తగిలించాను. ఆ ఫోన్ ఇచ్చింది నేనేనని గుర్తొచ్చి నాకూ సిగ్గేసింది. మర్నాడు భానుని చెయ్యి పట్టుకుని చిన్నమ్మి ఇంటికి లాక్కెళ్లాను.

చిన్నమ్మి వాకిట్లో మొక్కజొన్న పొత్తులు ఒలుస్తోంది. "రా అత్తా, కూకో," అని నాకొక్కదానికే పీట వేసింది.

"సారీయే," అంది భాను తల దించుకుని.

"అదేటో నేను సూడనేదు. బడికాడ అందరూ నన్ను సూసి పక్కకి తప్పుకుని నవ్వీవోరు. సూపించు."

భాను ఫోన్ చూపించింది. చిన్నమ్మి చాలాసేపు చూసింది.

"కింద రాసింది సదువు."

"నీకు సదవడమొచ్చు కదే."

"రాసింది నువ్వు. నువ్వే సదువు."

భాను నావైపు చూసింది. కన్నకూతురు కదా, జాలేసింది. అయినా నేను కలగజేసుకోలేదు.

చివరికి గొణుగుతూ చదివింది.

"ఇనపడనేదు," అంది చిన్నమ్మి.

మళ్లీ చదివింది. 'పంది' దగ్గరికొచ్చేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆఖరి మాట పూర్తయ్యేదాకా చిన్నమ్మి ఆగింది.

"రేపు బడికొత్తాను," అంది. "నీ పక్కన మాత్రం కూకోను."