ఐరన్ చుక్కలు

పుణ్యవతికి మనవరాలంటే ప్రాణం. ఆ ప్రాణమే కొంప ముంచింది.

ఎనిమిది నెలల రసజ్ఞ తోటకూర కాడలా వాడిపోయి, పలకరిస్తే నవ్వడానిక్కూడా బద్ధకిస్తుంటే, అత్తాకోడళ్ళిద్దరూ మణికొండలోనే ఉన్న పిల్లల డాక్టరు రత్నమాల దగ్గరికి తీసుకొచ్చారు. రక్తపరీక్షలో ఐరన్ బాగా తక్కువని తేలింది.

కోడలు ఉమాశ్రీ ముఖం పాలిపోయింది. మాదాపూర్ ఆఫీసులో తల్లుల గదిలో కూర్చుని పాలు తీసి, ఐసు సంచీలో పెట్టి రోజూ మోసుకొచ్చే మనిషి. పక్క ఫ్లాటు లోహిత్ డబ్బాపాలు తాగి గుండ్రాయిలా ఉన్నాడు. “నీ పాలల్లో సత్తువ లేదేమో” అన్నవాళ్ళందరికీ ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు.

“ఇవాళే మాన్పించేస్తానండి. పౌడర్ పేరు రాయండి,” అంది.

“మీ పాలది తప్పు కాదమ్మా,” అంది డాక్టరు. “తల్లిపాలల్ల ఐరన్ కొంచెమే ఉంటది, ఉన్నది మంచిగ ఒంటికి పడ్తది. మీ కడుపుల నుంచి పిల్ల తెచ్చుకున్నది ఆరు నెలలకు అయిపోతది. డబ్బాపాలల్లనైతే కలిపే అమ్ముతరు. అందుకే గదా మీకు చుక్కల మందు రాసిన. రోజూ వేస్తున్నరా?”

“అత్తయ్య పగలు వేస్తున్నారండి.”

“దొడ్డికి నల్లగ పోతున్నదా?”

“లేదండి, పసుపుగానే.”

డాక్టరు తలెత్తి చూసింది. పుణ్యవతి చూపు పిల్ల మీదికి దించుకుంది.

నల్లగా వెళ్ళింది, మందు మొదలుపెట్టిన కొత్తలోనే. అది చూసి ఆవిడ హడలిపోయింది. ఆఫీసులో ఉన్నదాన్ని కంగారుపెట్టడమెందుకని ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, సీసాను కందిపప్పు డబ్బా వెనక్కి నెట్టేసింది. మళ్ళీ పసుపుగా వెళ్తే దిష్టి పోయిందని దండం పెట్టుకుంది. ఇప్పుడు నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. కానీ మనవరాలికి తల్లిపాలు పోతాయి, ఆ నింద కోడలి నెత్తిన ఉండిపోతుంది.

“చుక్కలు నేనే ఆపేశాను,” అంది. “నల్లగా వెళ్తే భయమేసింది. నీ పాలకేం లోటు లేదు ఉమా.”

“అది మందు రంగే, ఫికర్ చెయ్యకండి,” అంది డాక్టరు. “మళ్ళ మొదలుపెట్టండి. పప్పు, ఆకుకూర మెత్తగ చేసి పెట్టండి.”

ఉమాశ్రీ కారు తలుపు ధడాలున వేసింది. మండిపోదూ మరి. ఇంటికి రాగానే పిల్లకు పాలిచ్చి పడుకోబెట్టి, దారిలో కొన్న కొత్త సీసా తెచ్చి, తిట్లకు సిద్ధపడి నిలబడ్డ అత్తగారి చేతిలో పెట్టింది.

“కోపంగానే ఉందత్తయ్యా. అయినా వెయ్యాల్సింది మీరే.”

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, మీటింగులో ఉండగా ఫోనొచ్చింది.

“నల్లగా వెళ్ళిందమ్మా,” అంది పుణ్యవతి. “బొగ్గులా ఉంది.”

ఉమాశ్రీ లేచి బయటికొచ్చేసింది.

“ఫొటో పంపండత్తయ్యా,” అని నవ్వుతూనే ఏడ్చేసింది.