చల్లబడ్డ చేతులు

మెత్తటి ప్యాన్‌కేక్ అంటే ఏమిటో నాకు ఫోన్‌లో చూపించింది సమీరానే. "దూదిలా ఉంటుంది పిన్నీ, ఒక్కసారి చెయ్యవా" అని ఏడాదిగా నా ప్రాణం తోడేస్తోంది. మైదా, పాలు, గుడ్లు, పంచదార. మన తీపి అట్టుకే సూటూ బూటూ వేశారని నవ్వి ఊరుకునేదాన్ని. ఆదివారం వాళ్ళ నాన్న వచ్చి దాన్ని తీసుకెళ్ళిపోతున్నాడని తెలిశాక ఇక నవ్వు రాలేదు.

సమీరా మా అక్క కూతురు. అక్క జ్వరంతో పోయినప్పుడు దానికి మూడేళ్ళు. ముబీన్ బావ దాన్ని నా ఒళ్ళో పెట్టి, పని వెతుక్కుంటూ ఒంగోలు వెళ్ళాడు. ఆరేళ్ళ తర్వాత ఇప్పుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఇల్లు కుదిరింది, పిల్ల కావాలట. కన్నతండ్రి అడిగితే కాదనడానికి నేనెవరిని? అయినా కోపం ఆగక ఫోన్‌లోనే బావని దులిపేశాను.

నేను గుంటూరులో మిరపకాయల తొడిమలు తీస్తాను. కోల్డ్ స్టోరేజీల పుణ్యమా అని మాకు ఏడాది పొడుగునా కాయలే. ఎంత కడిగినా ఘాటు గోళ్ళ సందుల్లో ఉండిపోతుంది. సమీరా వచ్చిన కొత్తలో అన్నం కలిపి ముద్ద పెడితే పెదాలు వాచి, సాయంత్రం దాకా గుక్కపట్టి ఏడ్చింది. అప్పటినుంచి స్పూనే. మొహం తుడవాలంటే కొంగే. రోడ్డు మీద అది నా వేలు పట్టుకోదు, మోచేయి పట్టుకుని నడుస్తుంది. మా వీధిలో తొడిమలు తీసేవాళ్ళ పిల్లలందరూ అంతే.

వెళ్ళేలోగా ఒక్కసారైనా నా చేత్తో దానికి తినిపించాలి. నా కోరికల్లా అదే. అందుకని వారం పాటు కాయలకు పోలేదు. పూటపూటా చేతులకు పెరుగు రుద్దాను, కొబ్బరినూనె రాశాను.

"ఏమే కరీమున్, పెళ్ళికూతురివా, చేతులకి ఆ సేవలేంటే?" అంది పక్కింటి వెంకటరావమ్మ.

"నీకెందుకత్తా, నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

ఆదివారం పొద్దున వేలు కంటిరెప్ప మీద రుద్దుకుని చూశాను. మండలేదు.

తెల్లసొన గిన్నెలో పోసి మజ్జిగ కవ్వంతో చిలికాను. భుజాలు పడిపోయేదాకా చిలికితే నురుగు గట్టిపడి, గిన్నె బోర్లించినా జారలేదు. పచ్చసొన, పాలు, మైదా, పంచదార విడిగా కలిపి, నురుగు చచ్చిపోకుండా మెల్లిగా అందులో కలిపాను. మొదటిది సెగ ఎక్కువై, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టయింది. రెండోదానికి సెగ తగ్గించి మూత పెట్టాను. తీసి చూస్తే ఇంత ఎత్తున పొంగి, పళ్ళెంలో వేస్తే ఊగుతోంది. సమీరా చప్పట్లు కొట్టింది.

అప్పటికే బావా, ఆయన కొత్త భార్య నగ్మా వచ్చి మంచం మీద కూర్చున్నారు. నేను వేడి ముక్క తుంచి, ఊది, సమీరా నోటి దగ్గర పెట్టాను.

అది పెదాలు బిగించి తల వెనక్కి తీసుకుంది.

"పిన్నీ, స్పూను!"

"మంట లేదమ్మా. బాగా కడుక్కున్నా, చూడు. ఒక్క ముక్క తినవే, నా తల్లివి కదూ."

"వద్దు పిన్నీ, మండుద్ది. స్పూను ఇవ్వు."

దానికి నా మీద కోపమేం లేదు, అలవాటు.

నగ్మా నవ్వి, "దా అమ్మా, నే పెడతా" అని ఇంకో ముక్క తుంచింది. సమీరా ఠక్కున నోరు తెరిచింది. ఆ నగ్మా చెడ్డదైనా బాగుండేది, తిట్టుకోవడానికైనా పనికొచ్చేది. లేచి వెళ్ళి స్పూను తెచ్చిచ్చాను.

బస్టాండు దాకా సమీరా నా మోచేయి పట్టుకునే నడిచింది. బస్సెక్కే ముందు ఏడుపు అందుకుంది. నాకూ ఆగలేదు. దాని చెంప తుడవబోతే, గట్టిగా కళ్ళు మూసుకుని, నా కొంగు లాక్కుని తనే తుడుచుకుంది.

"ఏడవకు పిన్నీ. చేత్తో కళ్ళు తుడుచుకోకు, మండుద్ది" అంది.

మర్నాడు తెల్లారగానే కాయలకు బయల్దేరాను.

"ఇప్పుడే కదే చేతులు బాగయ్యాయి. ఇంకో నాలుగు రోజులు ఆగరాదూ?" అంది వెంకటరావమ్మ.

బాగైన చేతులతో ఎవరికి తినిపించను?