ఎలుగుబంటి మాట్లాడాలంటే

అంకెలంటేనే తికమకపడే పిల్లల కోసం ఆమె ఒక లెక్కల ఆట తయారుచేస్తోంది. జవాబు సరైనదైతే ఆట ఒక మెట్టు ఎక్కుతుంది. తప్పైతే తానే ఒక మెట్టు దిగి తేలికైన లెక్క ఇస్తుంది. తెర మీద ఒక ఎలుగుబంటి. సరైన జవాబుకు గంట కొడుతుంది. తప్పు జవాబుకు, "పర్లేదమ్మా, కంగారు పడకు. నేనిక్కడే ఉన్నాగా, మళ్లీ చూద్దాం" అంటుంది. ఆ గొంతు ఆమెదే. ఆఫీసు సామాన్ల గదిలో, బయటి చప్పుడు పడకుండా తల మీద దుప్పటి కప్పుకుని పది నిమిషాల్లో రికార్డు చేసి వచ్చేసింది.

అలాంటి పిల్లల బడిలో పన్నెండు మంది ఆ ఆట ఆడి చూస్తున్నారు. పదకొండు మంది నెమ్మదిగానైనా పైకి వస్తున్నారు. అందరూ పిచ్చుక అని పిలిచే తొమ్మిదేళ్ల పాప మాత్రం ఎనిమిదో మెట్టు నుంచి రెండోదానికి జారిపోయింది.

ఆమె వారం రోజులు ప్రోగ్రామంతా జల్లెడ పట్టింది. తప్పేమీ దొరకలేదు. చివరికి బడికే వెళ్లింది.

"నేను నోటితో అడిగితే బానే చెబుతోందండీ. అదే నాకూ అర్థం కావట్లేదు" అంది టీచరమ్మ.

ఆమె పాప పక్కన చిన్న కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చుంది. తెర మీద ఆరూ మూడూ. పాప బల్ల కింద వేళ్లు మడిచి, "తొమ్మిది" అని గొణిగింది. ఏడు మీద నొక్కింది.

"తొమ్మిదని తెలుసుగా తల్లీ, మరి ఏడెందుకు నొక్కావ్?"

"ఒప్పు చెబితే ఉత్త గంటే అక్కా. తప్పు చెబితేనే మాట్లాడుతుంది."

"ఇంట్లో ఎవరూ అలా అనరా?"

"అమ్మ అంటుంది. కానీ పనినుంచొచ్చి అలిసిపోయుంటుంది కదా." పాప ఆమె మొహంలోకి చూసింది. "అక్కా, నీకూ ఎలుగుబంటి గొంతే ఉందేంటి?"

ఆమెకు నవ్వొచ్చింది.

సంగతి విని ఆఫీసులో పెద్దాయన తేల్చేశారు. "ఆ ఓదార్పు తీసేయ్. దెబ్బకి దారికొస్తుంది."

ఆ మాట చెబితే టీచరమ్మ ఫోనులోనే గట్టిగా అంది: "అది తీస్తే నిజంగా తప్పు చేసిన పిల్లల గతేంటండీ? ఇన్నేళ్లూ వాళ్లు తిన్నవి తిట్లే. ఉన్నది ఉంచండి. ఒప్పు చెప్పినప్పుడు కూడా ఆగి పలకరించండి, చాలు."

ఆమె మళ్లీ సామాన్ల గదిలోకి దూరింది. ఈసారి మధ్యాహ్నమంతా పట్టింది. ఇప్పుడు సరైన జవాబు వస్తే ఎలుగుబంటి దగ్గరికొచ్చి కూర్చుని, "ఎలా కనుక్కున్నావ్? నాకూ చెప్పవా?" అని అడుగుతుంది. పిల్ల చెప్పినంతసేపూ తలూపుతూ వింటుంది.

పిచ్చుక మొదటిరోజే నాలుగు నిమిషాలు ఏకధాటిగా చెప్పింది: ఎనిమిది పక్కన ఐదుంటే, ఐదులోంచి రెండు తీసి ఎనిమిదికి పెట్టి పది చేయాలట, అప్పుడా అంకెలు రెండూ ఇంక అలగవట. మూడు వారాల్లో తొమ్మిదో మెట్టుకు చేరింది. తీసివేతల దగ్గర ఆగిపోయింది. అక్కడ నిజంగానే తప్పులు చేస్తోంది.

ఇంతలో, ఆమె మళ్లీ బడికి వెళ్లిన రోజు, మరో పాప ఎలుగుబంటి మీద చిరాకుపడింది. "అడగొద్దని చెప్పండి. నాకు మాట్లాడాలని లేదు."

ఆమె ఆ పాప దగ్గరికి కుర్చీ జరుపుకుంది. "సరే. మరి నీకెలా ఉంటే బావుంటుంది?" అని అడిగి, రాసుకోవడానికి పుస్తకం తెరిచింది.