మనిషి బరువు మోయని మిద్దె

మునిసిపాలిటీ ఓవర్‌సీరు రామలింగం గొడుగైనా ముడవలేదు. వీధి మధ్యలో నిలబడి, మా పన్నెండు తలుపుల మీదా కాగితాలు అంటింపజేసి పోయాడు. "ఈ వరుస మిద్దెలు శిథిలమయ్యాయి. పైకప్పు ఒక్క మనిషి బరువు కూడా మోయదు. పదిహేను రోజుల్లో ఖాళీ చేయవలెను." లోపల అడుగు పెట్టనివాడికి పైకప్పు బలం ఎలా తెలిసింది? ఈ ఇళ్ళ యజమాని, మా మొదలాళి జగన్నాథరాజా ఇంటి కాఫీలో తెలిసి ఉంటుంది.

1961 సంగతి ఇది. తమిళనాట రాజపాళయం నడిబొడ్డున ఆ వరుసలో అయిదో ఇల్లు మాది. ఈ వరుస కట్టించిన మొదలాళి వాళ్ళ తాత మహా పిసినారి. ఇటుకలు మిగుల్చుకోవాలని రెండిళ్ళకు ఒకటే గోడ పెట్టాడు. గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటిపైన నిలువు ఇటుక, ఆపైన సున్నం. పన్నెండిళ్ళకూ కలిపి ఒకటే కప్పు. ఒకరింట్లో రోకటి పోటు పడితే పక్కింట్లో గిన్నెలు మోగుతాయి.

మనవడు జగన్నాథరాజాకు అక్కడ సినిమా హాలు కావాలి. అందుకని నిరుడు వాననీరు పోయే తూములను సిమెంటుతో మూయించాడు. నీరు నిలిచి గోడలు చెమ్మెక్కాయి. ఆ చెమ్మనే చూపించి ఇప్పుడు శిథిలమంటున్నాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది.

సాయంత్రం అందరం అరుగుల మీద చేరాం.

"కలెక్టరుకు అర్జీ పెడదామప్పా," అన్నాడు మిల్లులో నాతో పనిచేసే అళగిరి. "పెద్దోళ్ళతో సండై, తగువు మనకేల?"

మూడో ఇంటి కుప్పమ్మాళ్ లేచింది. అరవై ఏళ్ళ మనిషి. జీవితమంతా మిద్దెల మీద పరిచిన సున్నాన్ని చెక్కతో కొట్టి గట్టిపరిచింది.

"నీ అర్జీ అడుపు మంటలో పెట్టు! ఈ మొట్టమాడి, ఈ పైకప్పు కొట్టినది నేను. పదేండ్ల పిల్లగా మా అమ్మ పక్కన కూచొని కొట్టినాను. చెక్క ఎగిరి గణగణ మోగేదాక మేస్త్రి విడవలేదు. మోయదంట! ఆ సారు ఎక్కి చూసినాడా?"

"కూలిపోతే అక్కా?" అన్నాడు అళగిరి.

"కూలితే వాళ్ళు రాసినది నిజం. కూలకపోతే?"

అళగిరి తల దించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గడ్డపారలతో తూములు తెరిచాం. నలభై మంది ఆడవాళ్ళు పైకెక్కారు. పాత పగుళ్ళలో సున్నం నింపి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుతూ, బారులు తీరి కూర్చుని చేతి చెక్కలతో కొట్టడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు బజారు దాకా వినబడింది.

మొదలాళి కారు దిగి అరిచాడు. "దిగండే! నా ఇల్లు కూలిపోతుంది!"

తానే కూల్చాలనుకునే ఇంటి మీద ఆయనకు ఎంత ప్రాణమో! పక్కన రామలింగం గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మొదలాళి పిలిపించిన ఇన్‌స్పెక్టరు ఎనిమిది మంది పోలీసులను పైకి పంపాడు.

వాళ్ళు కుప్పమ్మాళ్ చేతిలో చెక్క లాక్కుని రెక్కలు పట్టి ఈడ్చారు. ఆమె అంచు దగ్గర కాళ్ళు తన్నిపెట్టి కిందికి కేక వేసింది.

"ఓవర్‌సీరు సార్! మేము నలభై మంది. బూట్లతో ఎనిమిది మంది వచ్చినారు. మీ మొట్టమాడి మోస్తా ఉంది, రాసుకోండి!"

వీధి వీధంతా ఘొల్లుమంది. పోలీసొకడు కాళ్ళ కింద చూసుకుని తానూ నవ్వేశాడు. రామలింగం మాత్రం గొడుగు ముందుకు వంచి మొహం దాచుకున్నాడు. అంతకు మించి ఆ మొహం దేనికి పనికొస్తుంది?

నలభై మందినీ వ్యానుల్లో కుక్కారు. కమ్మీల వెనక నుంచి కుప్పమ్మాళ్ గొంతు వినబడింది.

"ఆపకండి! సున్నం తడి మీద ఆపితే పగిలిపోతుంది!"

పక్క వీధుల ఆడవాళ్ళు మెట్లెక్కారు. షిఫ్టు దిగి వస్తున్న మిల్లు జనం వాళ్ళ వెనకే ఎక్కారు. అర్జీ పెడదామన్న అళగిరి ఆమె చెక్క అందుకుని, ఆమె చోటే కూర్చున్నాడు. ఆ పని వాడికి రాదు. మొదటి దెబ్బే వేలి మీద పడింది. అయినా వాడు ఆపలేదు.